ఎదుటఁ గూర్చుండి విన్న పాట



నేను ముప్పది యేండ్లకు పైగా తెలుఁగు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. సంగీతశాస్త్రమునందు నాకు పాండిత్యము లేదు. చిన్ననాఁడు గురువుగారి యొద్ద కావ్యములు, వ్యాకరణము, ఛందస్సు చదివికొంటిని. పాటను మాత్రము చెవితోనే యెఱుఁగుదును. అట్టివాఁడు పాటను గూర్చి మాటాడుటకు సాహసించుట కొక కారణము కలదు. నేను వయస్సులో నున్నప్పుడు చేసిన యొక తప్పును, అది తప్పని నాకు తెలిసిన విధమును మీతో చెప్పికొనవలెనని కోరిక. ఈ వేళ వినుచున్నవారిలో పల్లెలలోని పెద్దలే యెక్కువమంది యుందురు గనుక, నా మాట మీకు వింతగా తోఁపదని నమ్ముచున్నాను.

ఇందులో నొక చిక్కును మొదటనే యొప్పుకొనవలెను. యంత్రము నెదుటఁ గూర్చున్న మీకు, మనుష్యుని యెదుటఁ గూర్చుండి పాట వినుఁడని చెప్పఁబోవుచున్నాను. రేడియోవారు దీనికి కోపింపకుందురు గాక!

మా బాల్యమున పాట యనఁగా నడచిపోయి వినవలసినది. పొరుగూర హరికథ యున్నదని తెలిసినచో మా నాయనగారు లాంతరు చేతఁబట్టుకొని బయలుదేఱెడివారు; వెనుక నేను. రెండు క్రోసుల దూరము పొలముగట్లపై నడచిపోయి, పందిరిలో చాపమీఁద చోటు చూచికొని కూర్చుండెడివారము. నడిమి కథలో నేను నాయనగారి యొడిలో నిద్రపోవుటయు, గజ్జెల చప్పుడునకు ఉలికిపడి లేచుటయు నాకింకను గుఱుతు. తెల్లవాఱుజామున తిరుగుదారిలో నాయనగారు కథలోని పాటను కూనిరాగము తీసెడివారు. ఆ పాట మా యింట నెలదినములు నిలిచెడిది. మా యమ్మ బియ్యము చెఱుగుచు దానినే పాడెడిది, కథకు రాకపోయినను.

కాలము మాఱినది. రేడియో వచ్చినది, టేపురికార్డరు వచ్చినది. నేను ఉద్యోగము విరమించిన నాఁడు నా కుమారుఁడు ఒక సెల్‌ఫోను కొనియిచ్చి, 'నాన్నగారూ, ఇందులో మీకు కావలసిన పాట లన్నియు నున్నవి' అని చెప్పెను. అతఁడు చెప్పినది నిజమే. ఏ విద్వాంసుని పాట యైనను, ఏ కాలపు పాట యైనను, వ్రేలు కదపిన వచ్చును. వ్రేలు కదపిన పోవును గూడ. అరుఁగుమీఁద వాలుకుర్చీలో కూర్చుండి పల్లవి వినుచుండఁగానే, దీనికన్న మంచిది మఱియొకటి యుండునేమో యని తోఁచెడిది. వెంటనే మార్చెడివాఁడను. దినమునకు ఇరువది పాటలు మొదలుపెట్టి యొక్కటియు ముగింపని కాలము కొన్నియేండ్లు నడచినది. తుదకు ఫోనును కూడ పెట్టెలో పెట్టితిని. వార్ధక్యమున నాలుకకు రుచి తగ్గినట్లు చెవికిని తగ్గును కాఁబోలునని సమాధానపడితిని.

గడచిన శ్రీరామనవమికి మా యూరి రామాలయము ముందు పందిరి వేసిరి. ఎనిమిది దినములు మైకు మ్రోగుచుండఁగా నేను కిటికీలు మూసికొని యింటనే యుంటిని. తొమ్మిదవ నాఁటి రాత్రి పొరుగూరి భజన సమాజమువారు వచ్చిరి. ఊరిపెద్దలు వెళ్లకున్న బాగుండదని నా భార్య పట్టుపట్టి పంపెను. త్వరగా లేచి వచ్చుటకు వీలుగా కడపటి వరుసలో కూర్చుంటిని. రెండు పాటలు కాఁగానే కరెంటు పోయెను. మైకు మూఁగవోయెను. గర్భాలయములోని దీపము తప్ప మఱి వెలుఁగు లేదు. జనము లేచుటకు సిద్ధపడుచుండఁగా, పాడువాఁడు వేదిక దిగి వచ్చి మా నడుమ చాపమీఁద కూర్చుండెను. చిఱుతలు చేతఁబట్టి, వట్టి గొంతుతో నొక తత్త్వ మెత్తుకొనెను.

మొదటిమాఱు పల్లవి పాడినపుడు పిల్లలు గోల చేయుచుండిరి. ఆతఁడు వారిని కసరలేదు. గొంతు తగ్గించి రెండవమాఱు పాడెను. వినఁబడుటకై పిల్లలే సద్దుమణఁగిరి. మూఁడవమాఱు వృద్ధురాలొకతె 'ఆహా' యనఁగా, ఆతఁ డామె వైపు తిరిగి, ఆ మాటనే నాలుగు తీరుల త్రిప్పి పాడెను. మైకులో పాడినపుడు ఆతఁడు మమ్ము చూడనే లేదు. ఇప్పుడు ఒక్కొక్కరి ముఖము చూచుచు పాడుచుండెను. నేను లేచిపోవలె నన్న మాట మఱచితిని. పాట రెండవ చరణమునకు వచ్చినది. నా గుండె జల్లుమనెను. ఈ పాట నే నెఱుఁగుదును.

నలువది యేండ్లకు పూర్వము నేను మా యూరి బడిలో క్రొత్తగా తెలుఁగు పండితుఁడనుగా చేరినప్పుడు, మా యూర నొక వృద్ధుఁడైన నేఁతగాఁ డుండెడివాఁడు. గుంటమగ్గమున కూర్చుండి నాడె విసరుచు తానే పాటలు కట్టెడివాఁడు, తానే వరుస కూర్చెడివాఁడు, తానే పాడెడివాఁడు. ఆతనికి వ్రాఁత రాదు. ఒకనాఁటి సాయంకాలము తన మనుమని చేత వ్రాయించిన నోటుపుస్తకము తీసికొని మా యింటికి వచ్చి, 'పంతులుగారూ, మీరు చదువుకొన్నవారు, ఒక్కమాఱు చూచిపెట్టుఁడు' అని యడిగెను. అది విని నేను గర్వపడితిని. ఎఱ్ఱసిరా కలముతో దిద్దితిని. యతి తప్పినదంటిని, ప్రాస కుదరలేదంటిని. 'గుడిసె' అనుమాటను ఆతఁ డొకచోట 'గుడీసె' యని సాగఁదీసి వ్రాయించెను. అది యపశబ్దమని కొట్టివేసి దానిపై 'కుటీరము' అని వ్రాసితిని. పుట పుటయు నెఱ్ఱనై యుండఁగా పుస్తకము తిరిగి యిచ్చితిని. 'ఒక్కటి పాడుము, వినెదను' అను మాట మాత్రము నా నోట రాలేదు. ఆతఁడు రెండు చేతులతో పుస్తకము పుచ్చుకొని, నమస్కరించి వెడలిపోయెను. మఱల రాలేదు.

ఆ రాత్రి రామాలయము ముందు ఆ మాట వచ్చినది. గాయకుఁడు 'గుడీసె' యనియే పాడెను. ఆ యీకారము సాగిన చోటనే చిఱుతల దెబ్బ పడినది. ఆ దీర్ఘము లేనిచో తాళము కుంటుపడును. 'కుటీరము' అన్నచో పలుకు నోటికి అడ్డుపడును. కాగితముమీఁద నేను తప్పని కొట్టివేసిన యక్షరము, మనిషి గొంతున, తాళము నడుమ, తన చోట తాను తీరుగా కూర్చుండి యుండెను. నా వ్యాకరణము చెప్పినది అబద్ధము కాదు. అది చూడవలసిన చోటు చూడలేదు.

భజన ముగిసిన పిదప ఆతనిని చేరి, ఈ పాట యెచ్చట నేర్చితివని యడిగితిని. పదునాలుగేండ్ల ప్రాయమున మా యూరికి మగ్గము పని నేర్వ వచ్చి, ఆ తాత ప్రక్కన కూర్చుండి వినివిని నేర్చెనఁట. 'తాత కట్టినవి నూటికి పైగా నుండును పంతులుగారూ. నాకు వచ్చినవి పండ్రెండు. మిగిలినవి ఆయనతోనే పోయినవి' అనెను. వ్రాసిన పుస్తక మేమైనదని యడిగితిని. 'ఎవరో పండితులకు చూపినాఁడఁట. వారు బాగులేవన్నారఁట. చదువుకొన్నవారు చూడఁదగిన పాటలు కావులే యని చెప్పి, ఆనాఁటినుండి వ్రాయించుట మానివేసినాఁడు. పుస్తకము చెదలు తినిపోయినది' అని యాతఁడు మామూలుగా చెప్పెను. ఆ పండితుఁడను నేనే యని చెప్పుటకు మఱునాఁటి వఱకు నాకు ధైర్యము చాలలేదు. చెప్పిన పిదప ఆతఁడు కొంతసే పూరకుండి, 'అట్లయిన మిగిలిన పండ్రెండును మీరే వ్రాయుఁడు' అనెను.

ఆనాఁటినుండి నా చదువును మఱల తిరుగవేసికొనుచున్నాను. మన పెద్దలు ఈ సంగతి యెఱుఁగక పోలేదు. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు రచించిన సంగీతరత్నాకరమున వాగ్గేయకారుని లక్షణము కలదు. పాటలోని పలుకునకు మాతువనియు, దానిని మోయు నాదమునకు ధాతువనియు పేరు. రెండింటిని కూర్పఁగలవాఁడు వాగ్గేయకారుఁడు. రెండింటను సమర్థుఁడైనవాఁ డుత్తముఁడు. ధాతువు మిన్నగా నుండి మాతువు కొంచెము మందమైనవాఁడు మధ్యముఁడు. పలుకు సొంపుగా నుండియు ధాతువు మందమైనవాఁ డధముఁడు. పరుల వరుసకు పలుకులు మాత్రము కూర్చువానిని కుట్టికారుఁడనిరి. నేను నేఁతగాని పాటలో మాతువును మాత్రము తూచి తీర్పు చెప్పితిని. శాస్త్రము నడిగియున్నచో, మొదట పాడించి వినుమని చెప్పియుండును. మా యూరి నేఁతగాఁడు కుట్టికారుఁడు కాఁడు. వరుసయు ఆతనిదే, పలుకును ఆతనిదే.

మాతువును దాఁచుట సులభము. ధాతువును దాఁచుట కష్టము. దీనికి మన దేశముననే గొప్ప నిదర్శనము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408వ సంవత్సరమున జన్మించి 1503లో పరమపదించిరి. ఆయన 32,000 సంకీర్తనములు రచించినట్లు మనుమఁడు చిన్నన్న తన ద్విపదకావ్యమున చెప్పెను. ఆ వంశమువారు వానిని రాగిరేకులమీఁద చెక్కించి తిరుమల యాలయములోని సంకీర్తన భాండారమున భద్రపఱచిరి. తరములు గడచిన పిదప, 20వ శతాబ్దమున ఆ రేకులు వెలికివచ్చి అచ్చుపడినవి. నేఁడు మనకు దక్కినవి 12,000కు పైఁబడిన సంకీర్తనములు. రాగి చెడలేదు, పలుకు పోలేదు. ప్రతిపాటకు రాగము పేరును చెక్కఁబడి యున్నది. కాని స్వరము లేదు. ఆయన యే యక్షరమును సాగించెనో, ఎచ్చట నిలిచెనో చెప్పఁగల గొంతు మిగులలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979), వారి తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) మొదలగు విద్వాంసులు తమ ప్రతిభచే వానికి మఱల వరుసలు కూర్చి, మన కిచ్చిరి. వారికి జాతి ఋణపడి యున్నది. అయినను ఆ వరుసలు వీరివి.

దీని ప్రక్కన త్యాగరాజస్వామిని నిలిపి చూడుఁడు. ఆయన జీవితకాలము 1767 నుండి 1847 వఱకు. కావేరితీరమున తిరువయ్యారులో నుంచవృత్తితో జీవించి తెలుఁగున పాడెను. ఆయనకు రాగిరేకులు లేవు. శిష్యులుండిరి. వారు తాళపత్రములమీఁద వ్రాసికొనిరి, నిజమే. కాని అంతకన్న ముఖ్యముగా, గురువు నెదుటఁ గూర్చుండి నేర్చి, తమ యెదుటఁ గూర్చున్నవారికి నేర్పిరి. త్యాగరాజస్వామి శిష్యుఁడు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు (1883–1951). ఆ పంతులుగారి యొద్ద చిన్ననాఁడే చేరి, 72 మేళకర్తలయందును తాను స్వయముగా కృతులు రచించిన వాగ్గేయకారుఁడు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016). గొంతునుండి గొంతునకు ఆ పాట కావేరినుండి కృష్ణవఱకు నడచివచ్చినది. భద్రాచల రామదాసు కీర్తనలును పల్లెపల్లెకు చేరినది భజనగోష్ఠుల మూలముననే కదా!

'నేఁడు యంత్రము వరుసను గూడ దాఁచుచున్నది కదా, ఇఁక భయమేమి?' అని మీరడుగవచ్చును. ధర్మమైన ప్రశ్న. మన దేశమున గ్రామఫోనుకై పాటలు పట్టుట 1902వ సంవత్సరమున కలకత్తాలో ఆరంభమైనది. ఆ పలక యొక ప్రక్క పట్టునది ఇంచుమించు మూఁడు నిమిషములు. గంటసేపు విస్తరించు రాగమును మూఁడు నిమిషములకు కుదించి పాడవలసి వచ్చినను, ఆనాఁటి గొంతులు కొన్ని మనకు దక్కినవి. యంత్రమును నేను నిందింపను. 1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసిన పిదప, ఉదయము భక్తిరంజని వినని తెలుఁగుపల్లె యరుదు. సంగీతసభ యెన్నఁడును చూడని యిండ్లకు సంగీతము నడచివచ్చినది. రేడియోలో జీవితమంతయు పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) తాము వాగ్గేయకారులై యుండి, 1958లో ఆంధ్ర వాగ్గేయకార చరిత్రమును గ్రంథముగా వెలయించి మన కందఱకు దారి చూపిరి.

కాని యంత్రమునకు చెవి లేదు. అది పాడును, వినదు. వృద్ధురాలి 'ఆహా' యంత్రమునకు చేరదు. చేరినను పల్లవిని నాలుగు తీరుల త్రిప్పదు. యంత్రములోని పాట నేను విన్నను మానినను ఒక్కతీరుననే యుండును. నే నూరక వ్రేలు కదపి పాటను చంపుచుంటిని. ఎవ్వరికిని బాధ కలుగలేదు. మనిషి పాడుచుండఁగా నడుమ లేచిపోవుటకు మనకు సిగ్గు. ఆ సిగ్గే మనలను చరణము చివరివఱకు కూర్చుండఁబెట్టును. అచ్చట కదా పాటలోని సారము! నా చెవి ముసలిదైనదని నేను తలఁచితిని. దానికి ఎదుట మనిషి లేక పని తప్పినదని రామాలయము ముందు తెలిసినది.

తానే కట్టి తానే పాడువారు గతించిరని కొందఱు విచారింతురు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తాము రచించిన హరికథను తామే పాడి, తామే యాడి, విజయనగరమున 1919లో వెలసిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులై, తమతో పాట యుగము ముగిసినదనునంతటి వైభవము చూపిరి. కాని యుగము ముగియలేదు. పాలమూరు సీమకు చెందిన గోరటి వెంకన్నగారు తమ పాటను తామే కట్టి, తామే వరుస పెట్టి, జనుల నడుమ పాడుచున్నారు. వారి 'వల్లంకి తాళము'నకు 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. పద్యమునకు అలవాటుపడిన నావంటివారు జానపదపు వరుసను చిన్నచూపు చూచుట మానవలసిన కాలము వచ్చినది. నా విషయమున కొంచెము ఆలస్యముగా వచ్చినది.

గ్రామములలోని పెద్దలకు నా మనవి యిది. మీ యూరను, ప్రక్కయూరను పాటలు కట్టువారు ఒకరిద్దఱైన నుందురు. నేఁతగాఁడో, గొఱ్ఱెలకాపరియో, ఊడ్పులలో ముందుపాట యందుకొను ముత్తైదువయో కావచ్చును. వెన్నెలరాత్రి యొకదానిని చూచి, మైకు లేకుండ, చాపలు పఱచి వారిని పిలువుఁడు. ఏబదిమంది చాలును. ముందువరుసలో మీరు కూర్చుండుఁడు. పెద్దలు కూర్చున్నచో పిల్లలును కూర్చుందురు. సంభావన యింతయని ముందే చెప్పి, పాట ముగియఁగానే ఆకులో పెట్టి యిచ్చివేయుఁడు. కళ గలవానిని మఱునాఁడు గడపలో నిలువఁబెట్టుట మనకు తగదు. పాట పలుకులను వ్రాయించి, కట్టినవారి పేరును తేదీని వేయుఁడు. ఫోనులో వరుసను పట్టినను మంచిదే, అది సాక్షిగా నుండును. అంతటితో ఊరుకొనక, ఒక్క పిల్లనైనను పిల్లవానినైనను ఎదుటఁ గూర్చుండఁబెట్టి ఆ పాట నేర్పింపుఁడు. చదువుకొన్నవారు మీలో నున్నచో, ఎఱ్ఱసిరా కలమును ఆ రాత్రి యింటనే యుంచి రావలెను.

నేను ఇప్పుడు నా పని చేసికొనుచున్నాను. ఆదివారములందు ఆ గాయకుఁడు మా యింటికి వచ్చును. ఆతఁడు పాడఁగా నేను వ్రాయుదును. సాగిన యచ్చు సాగినట్లే వ్రాయుచున్నాను. పండ్రెండింటిలో తొమ్మిది ముగిసినవి. ఎనిమిదేండ్ల నా మనుమరాలు ప్రక్కన కూర్చుండి వినుచు మూఁడు పాటలు పట్టినది. మొన్న నేను వ్రాసినదానిని ఒకమాఱు చదివి చూపఁగా, 'తాతయ్యా, అట్లు కాదు, గుడీసె' యని నన్ను దిద్దినది. నేను దిద్దుబాటు నంగీకరించితిని.

ఆ వృద్ధుఁడు పుస్తకము పుచ్చుకొని పోవుచుండఁగా నేను పిలిచి పాడించియున్నచో, ఆ నూటికి పైబడిన పాటలు నేఁడు మా యూర నుండెడివి. అవి యెట్టివో ఇఁక నెవ్వరికిని తెలియదు. మీ గుమ్మమునకు అట్టివాఁడు వచ్చినపుడు పుస్తకము ప్రక్కన పెట్టి, 'కూర్చుండి పాడుము' అనుఁడు. ఈ ప్రసంగ మిఁక ముగిసినది. రేడియో ఆపివేసి, ఎవరింట నెవరు పాడుచున్నారో కనుఁగొనుఁడు.